బీఎస్సీ అని ఎందుకు రాశారు? డేవిడ్ కహూన్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన టాపిక్ "ఫార్మకాలజీలో కెరీర్", అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రంలో. ఇది వినగానే మీలో సగం మంది ఏమనుకున్నారో నాకు తెలుసు. పీజీ కౌన్సెలింగ్‌లో జనరల్ మెడిసిన్ రాక, పీడియాట్రిక్స్ రాక, రేడియాలజీ ఊసే ఎత్తలేక, ఆఖరికి తీసుకునే సీటు కదా ఇది. మా బంధువులైతే ఇప్పటికీ "ఇంతకీ నువ్వు దేనికి డాక్టరువమ్మా" అని అడుగుతారు, చెప్తే "ఓహో, మందుల షాపా" అంటారు. అందుకని జీతాల లెక్కలు, కంపెనీ ఉద్యోగాల లెక్కలు నేను చెప్పను, అవి మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక్క మనిషి గురించి చెప్తాను. ఆయన నిజంగానే మందుల షాపులో మొదలుపెట్టారు.

పేరు డేవిడ్ కహూన్. నెట్‌లో వెతికేటప్పుడు స్పెల్లింగ్ మధ్యలో ఎల్, క్యూ కూడా వస్తాయి, కంగారుపడకండి. 1936లో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో పుట్టారు, లివర్‌పూల్‌కి ఎదురుగా నదికి అవతలి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. స్కూలు అయ్యాక మందుల షాపులో అప్రెంటిస్. ఆ తర్వాత లీడ్స్‌లో డిగ్రీ, ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ. ఎడిన్‌బరోలో ఆయన గైడ్లలో ఒకరు వాల్టర్ పెర్రీ అనే ఫార్మకాలజీ ప్రొఫెసరు, ఈయనే తర్వాత బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1982లో మన హైదరాబాద్‌లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, ఆ బాటలో వచ్చిందే. అంటే ఫార్మకాలజీ వాళ్లు చదువుల సంగతి పట్టించుకోవడం కహూన్‌తో మొదలైంది కాదు. మధ్యలో యేల్, సౌతాంప్టన్ తిరిగి 1979లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కి, అదే యూసీఎల్‌కి, వచ్చి అక్కడే ఉండిపోయారు. 1985లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. బయోడేటా అయిపోయింది, ఇక పనిలోకి వద్దాం.

మీ అందరికీ ఫార్మకాలజీ మొదటి నెలలోనే అఫినిటీ, ఎఫికసీ అని రెండు మాటలు చెప్పి ఉంటారు. మందు రిసెప్టర్‌కి, అంటే కణం మీద అది పట్టుకునే చోటుకి, ఎంత గట్టిగా అంటుకుంటుంది అన్నది అఫినిటీ. అంటుకున్నాక ఎంత పని చేయిస్తుంది అన్నది ఎఫికసీ. పరీక్షలో రెండు మార్కులు. రాసేస్తాం, మర్చిపోతాం. కానీ ఆ రెండిటినీ విడివిడిగా కొలవడం ఎలా అని ఎవరైనా అడిగారా? నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు.

మా బ్యాచ్‌లో కప్ప ప్రాక్టికల్ ఉండేది. కప్ప పొట్ట కండరం, రెక్టస్ అబ్డొమినిస్, తీసి ఆర్గాన్ బాత్ అనే ద్రావణం గొట్టంలో వేలాడదీసి, నరం కండరానికి సంకేతం పంపే రసాయనం అసిటైల్‌కోలిన్ వేస్తే అది మెల్లగా ముడుచుకునేది. దానికి దారంతో కట్టిన లీవరు, డ్రమ్ముకి చుట్టిన మసి కాగితం మీద తెల్లటి గీత గీసేది. డోసు పెంచుతూ పోతే గీతలు మెట్లు మెట్లుగా పెరిగేవి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా విప్పి వార్నిష్‌లో ముంచి ఆరబెట్టేలోపు ఎవడో ఒకడు వేలు పెట్టేవాడు, యాప్రాన్ల నిండా మసి. మీకు ఇప్పుడు అదంతా కంప్యూటర్లో సిమ్యులేషన్, కప్పలు బతికిపోయాయి, మంచిదే. అయితే ఆ గీతల్లో ఒక చిక్కుంది. మందు గట్టిగా అంటుకోవడం వల్ల గీత పెరిగిందా, అంటుకున్నాక బాగా పనిచేయించడం వల్ల పెరిగిందా, అది గీత చెప్పదు. రెండూ కలిసిన మొత్తమే మనకి కనిపిస్తుంది.

కహూన్ పట్టుకున్నది ఈ చిక్కునే. 1976లో జర్మనీలో ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్‌మన్ ఇద్దరూ కలిసి ఒకే ఒక్క అయాన్ ఛానల్ గుండా పారే కరెంటును రికార్డు చేశారు. అయాన్ ఛానల్ అంటే కణం పొరలో ఉండే సన్నటి ద్వారం, కండరంలో అసిటైల్‌కోలిన్ రిసెప్టరే ఆ ద్వారం, మందు అంటుకుంటే తెరుచుకుంటుంది. మొన ఒక మైక్రాన్ ఉండే గాజు పిపెట్‌ను కండర కణం పొరకి ఆనించి కూర్చుంటారు. వచ్చే కరెంటు కొన్ని పికో ఆంపియర్లు, పికో అంటే లక్ష కోట్లవ వంతు. తెర మీద గీత కిందా పైనా చదరంగా గెంతుతూ ఉంటుంది, ఛానల్ తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది. ఒక్క అణువు పని చేస్తుంటే కళ్లారా చూడటం. ఈ పద్ధతికే 1991లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

చూడటం వరకు బాగానే ఉంది. దాన్ని చదవడమెలా? ఒక్క అణువు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు, అంతా యాదృచ్ఛికం, ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి రెప్పపాటులో వెయ్యో వంతు. ఇది సగటులు తీస్తే తేలే లెక్క కాదు, సంభావ్యత గణితం కావాలి. కహూన్ అప్పటికే 1971లో బయోస్టాటిస్టిక్స్ మీద పాఠాల పుస్తకం రాసి ఉన్నారు. అయినా ఈ లెక్క తన ఒక్కడి వల్ల కాదని ఆలన్ హాక్స్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్‌తో జతకట్టారు. 1977 నుంచి వాళ్లిద్దరూ రాసిన పేపర్లు తెరిస్తే పేజీల కొద్దీ మాట్రిక్సులే, నిజం చెప్పాలంటే అందులో చాలా భాగం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

ఆ లెక్క ఏం చెప్పిందంటే, ఛానల్ ఒకసారి తెరుచుకుని ఊరుకోదు. ఓల్టేజీ తక్కువున్నప్పుడు ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు టకటకా కొన్నిసార్లు తెరుచుకుని మూసుకుని, ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ టకటకల మధ్య ఖాళీలు సెకనులో లక్షో వంతు లెక్కలో ఉంటాయి. అంత చిన్న ఖాళీలో అసిటైల్‌కోలిన్ అణువులు వెళ్లిపోయి కొత్తవి వచ్చి అంటుకునే టైము లేదు. అంటే అవి అక్కడే కూర్చుని ఉన్నాయి, ఛానలే మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది. అదీ కీలకం. ఒక గుంపులో ఎన్నిసార్లు తెరుచుకుంది, మధ్య ఖాళీలు ఎంతసేపు అని లెక్కపెడితే, అంటుకోవడం వేరుగా, తెరుచుకోవడం వేరుగా అంకెల్లోకి వచ్చేస్తాయి. మన రెండు మార్కుల ప్రశ్నకి జవాబు.

సాక్‌మన్‌తో కలిసి దీన్ని కప్ప కండరం మీద చేసి 1981లో నేచర్ అనే సైన్స్ పత్రికలో చిన్న పేపరు వేశారు. పూర్తి వివరం ఎప్పుడొచ్చిందో తెలుసా? 1985లో, జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో, 57 పేజీలు. కహూనే ఒకచోట లెక్క చూపించారు, 1976 నుంచి 1985 దాకా పదేళ్లలో సాక్‌మన్ వేసిన పేపర్లు ఏడాదికి సగటున మూడు కూడా లేవు, ఒక ఏడాది అసలు ఒక్కటీ లేదు. నోబెల్ వచ్చింది ఆ పదేళ్ల పనికే. ఇంపాక్ట్ ఫాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకె, 2003లో దాని పెత్తనం మీద నేచర్‌కి కహూన్ ఘాటుగా ఒక ఉత్తరం రాశారు, ఆ కోపం ఇక్కడిది. మనిషి విలువ తేల్చాలంటే జర్నల్ పేరు చూడొద్దు, పేపరు తెరిచి చదవండి అని. మన దగ్గర ప్రమోషన్ ఫైలు కదలాలంటే పేపర్లు ఇన్ని అని లెక్క, డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లు అందుకే పుట్టాయి. ఇంకా చెప్తే నా ఉద్యోగానికే వస్తుంది, వదిలేద్దాం. (నవ్వులు)

ఆయన దగ్గర నాకు నచ్చిన సంగతి, ఊపు తగ్గకపోవడం. 2008లో, డెబ్బై దాటాక, లూచియా సివిలోటి, రెమిజియస్ లాపేలతో కలిసి నేచర్‌లో ఇంకో పేపరు. పార్షియల్ అగోనిస్టు, అంటే రిసెప్టర్‌కి అంటుకున్నా పూర్తిగా పనిచేయించలేని మందు, ఎందుకు సగం పనే చేస్తుంది అన్నదే దాని ప్రశ్న. ఛానల్‌ని సరిగా తెరవలేక అని అందరూ అనుకునేవాళ్లు. కాదు, తెరవడానికి ముందు రిసెప్టర్ ఒకసారి ఆకారం మార్చుకోవాలి, ఆ మెట్టు దగ్గరే అది వెనకబడుతోంది అని చూపించారు.

ఇప్పుడు రెండో సగం. ల్యాబులో అణువుల్ని ఇంత సన్నగా లెక్కపెట్టే మనిషికి ఒకరోజు తన దేశం యూనివర్సిటీల అడ్మిషన్ల జాబితా కంటబడింది. అందులో కాంప్లిమెంటరీ మెడిసిన్, అంటే హోమియోపతి లాంటి ప్రత్యామ్నాయ వైద్యాల, కోర్సులు 61 ఉన్నాయి, వాటిలో 45 బీఎస్సీ ఆనర్స్. 2007 మార్చిలో నేచర్‌లో ఆయన రాసిన వ్యాసం ఈ లెక్కతోనే మొదలవుతుంది. హోమియోపతిలో బీఎస్సీ! బీఎస్సీలో సైన్స్ ఎక్కడుంది అన్నదే ఆయన ప్రశ్న.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర హోమియోపతి డిగ్రీ బీహెచ్‌ఎంఎస్, చట్టం గుర్తించిన డిగ్రీ, దాని కథ వేరు, ఈ హాల్లో ఆ కాలేజీ పిల్లలు కూడా ఉండొచ్చు, ఎవరినీ తిట్టడానికి నేను రాలేదు. కానీ లెక్క లెక్కే. సీసా మీద 30సి అని ఉంటుంది. వందో వంతుకి పలచన చేయడం ముప్పై సార్లు, అంటే 1 పక్కన 60 సున్నాలు. అవొగాడ్రో సంఖ్యకి 23 సున్నాలు, కాబట్టి పన్నెండో సారికే అసలు పదార్థం దాదాపు పోయింది, మిగతా పద్దెనిమిది సార్లు నీళ్లలో నీళ్లు. 30సి దగ్గర అసలు అణువు ఒక్కటి కావాలంటే భూమి అంతటి నీటి గోళాలు వెయ్యి కోట్లకు పైనే తాగాలి. ఇంటర్ కెమిస్ట్రీతో ఎవరైనా ఇంటికెళ్లి లెక్క కట్టుకోవచ్చు. డోసుకీ ఫలితానికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న మీద బతికిన ఫార్మకాలజిస్టుకి, డోసు తగ్గేకొద్దీ బలం పెరుగుతుందని పాఠం చెప్పి దానికి సైన్స్ డిగ్రీ ఇస్తామంటే ఎలా ఉంటుంది చెప్పండి. జనం సొంత డబ్బుతో ఏం కొనుక్కుంటారన్నది ఆయన అసలు తగాదా కాదు. యూనివర్సిటీ ముద్ర ఎలా వేసిందన్నదే తగాదా.

ఆయన చేసిన పని చూడండి. ధర్నా చేయలేదు. 2006లో సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టారు. మీ హోమియోపతి బీఎస్సీలో పిల్లలకి ఏం చెప్తున్నారో ఆ పాఠాల కాగితాలు ఇవ్వండి, అంతే. వాళ్లు ఇవ్వం అన్నారు. అప్పీలు చేశారు, మళ్లీ ఇవ్వం. సమాచార కమిషనర్ దగ్గరికి వెళ్లారు, అక్కడ ఏళ్లు పట్టింది, మన ఆఫీసులే నిదానం అనుకోకండి. 2009లో కమిషనర్ ఇవ్వమని తీర్పిచ్చారు. యూనివర్సిటీ ట్రిబ్యునల్‌కి వెళ్లింది, పాఠాలు బయటపెడితే మా వ్యాపార ప్రయోజనాలు దెబ్బతింటాయని వాదించింది. ప్రజల డబ్బుతో నడిచే యూనివర్సిటీ తన పాఠం వ్యాపార రహస్యం అంటోందన్నమాట! 2009 డిసెంబరులో ట్రిబ్యునల్ ఆ అప్పీలు కొట్టేసింది. తమాషా ఏంటంటే అప్పటికే ఆ కోర్సులో కొత్త అడ్మిషన్లు ఆపేశారు.

ఈలోపు వేరే చోట్ల నుంచి లోపలివాళ్లే ఆయనకి స్లైడ్లు పంపడం మొదలుపెట్టారు. వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీ పాఠం ఒకదాంట్లో అమెథిస్ట్ రాళ్లలోంచి యిన్ శక్తి, చైనా సంప్రదాయంలో చెప్పేది, బాగా వెలువడుతుందని ఉంది. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు నెట్‌లో పెట్టేశారు, పక్కన పెద్ద వ్యాఖ్యానం కూడా అక్కర్లేదు. తర్వాతి కొన్నేళ్లలో ఇలాంటి బీఎస్సీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అన్నీ ఆయన వల్లే అని నేను అనను, విద్యార్థులు తగ్గడం కూడా ఉంది. కానీ పాఠం బయటికొస్తుందేమోనన్న భయం వైస్ ఛాన్సలర్లకి పట్టుకుందంటే అది ఆయన పుణ్యమే.

ఊరికే జరగలేదు ఇదంతా. 2007లో ఒక మూలికా మందు రక్తాన్ని శుద్ధి చేస్తుందన్న ప్రచారాన్ని అర్థంపర్థం లేని మాటలని ఆయన రాస్తే, ఫిర్యాదు నేరుగా యూసీఎల్ పెద్దకే వెళ్లింది. పరువు నష్టం కేసు పడుతుందేమోనని టెన్షన్. ఆ పేజీలు మా సర్వర్ మీంచి తీసేయమన్నారు. ఆయన తీసి సొంత సర్వర్ మీద పెట్టుకున్నారు, గొడవ పత్రికలకెక్కింది, శాస్త్రవేత్తలు ఉత్తరాల వర్షం కురిపించారు, కొద్ది రోజుల్లోనే యూసీఎల్ లాయర్ సలహా తీసుకుని మళ్లీ పెట్టుకోవచ్చంది. దాంతో అంతకుముందు చదవని వాళ్లు కూడా చదివారు.

యూసీఎల్‌లో కహూన్ చేసిన ప్రొఫెసర్ పదవి పేరు ఎ.జె. క్లార్క్ చైర్. రిసెప్టర్ సిద్ధాంతాన్ని అంకెల్లో పెట్టిన మొదటి తరం మనిషి క్లార్క్. ఆ క్లార్క్ కూడా 1938లో పేటెంట్ మందుల మోసాల మీద చిన్న పుస్తకం రాసి, క్షయకి మందని అమ్ముకునే ఒకాయన వేసిన పరువు నష్టం దావాలో ఇరుక్కున్నారు. అలాంటి ప్రకటనల్ని ఆపే చట్టం బ్రిటన్‌లో 1941లో వచ్చింది, మన దేశంలో 1954లో. ఇవాళ పొద్దున పేపరు తిరగేసిన వాళ్లకి ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటిదాకా విని, సరే బయటివాళ్లని ఏకాడు, ఇందులో ఏముంది అనుకోవచ్చు. 2014లో మనల్నే పట్టుకున్నారు. పీ విలువ, అంటే మందు అసలు పనిచేయకపోయినా ఇలాంటి ఫలితం అదృష్టం కొద్దీ వచ్చే అవకాశం, 0.05 కన్నా తక్కువొస్తే మనం పండగ చేసుకుంటాం కదా, థీసిస్ పాసైపోయినట్టే. ఆయన ఒక మామూలు లెక్క వేశారు. వెయ్యి మందుల్ని పరీక్షించామనుకోండి, వాటిలో నిజంగా పనిచేసేవి వంద. మన పరీక్ష బాగానే ఉంది, వందలో 80 పట్టుకుంటుంది. పనికిరాని తొమ్మిది వందల్లో ఐదు శాతం, అంటే 45, అదృష్టం కొద్దీ పాసవుతాయి. మొత్తం పాసైనవి 125. అందులో 45 ఉత్తివి, అంటే 36 శాతం! మనమేమో తప్పయ్యే అవకాశం ఐదు శాతమే అనుకుంటున్నాం. రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్‌లో వచ్చిన పేపరు ఇది, ఉచితంగా దొరుకుతుంది, థీసిస్ రాసేవాళ్లు దయచేసి చదవండి. "సిగ్నిఫికెంట్" అన్న మాటే వాడొద్దంటారు ఆయన. నా విద్యార్థులకి చెప్పి చూశాను, ఎగ్జామినర్ ఒప్పుకోడు మేడమ్ అన్నారు. వాళ్లదీ నిజమే.

ఇక ప్రశ్నలు. ఆ నీలం చున్నీ అమ్మాయి అడుగుతోంది, "మేడమ్, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు హోమియోతో తగ్గాయి, మరి అదేంటి?"

అమ్మకి తగ్గిందంటే తగ్గినట్టే తల్లీ, ఆవిడ అబద్ధం చెప్తున్నారని ఎవరూ అనరు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తాం? నొప్పి భరించలేనంత ఉన్నప్పుడు. మోకాళ్ల నొప్పి హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు, బాగా ముదిరిన రోజు ఏ మందు మొదలుపెట్టినా తర్వాతి నెలలో కొంత తగ్గడం మామూలే. ఆ పేరు ఆ మందుకి పోతుంది. ప్లసీబో, అంటే ఉత్తి మాత్ర వేసుకున్నా తగ్గినట్టు అనిపించడం, దానికన్నా ఎక్కువగా జరిగేది ఇదేనని కహూన్ వాదన. నేనిచ్చే మాత్రలకి కూడా ఇదే వర్తిస్తుంది, అందుకే కదా పోల్చి చూడటానికి ఆ మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపు పెట్టేది.

ఇంకొకటి తీసుకుందాం. "మన దగ్గర ఇలా ఎవరైనా పోరాడారా?"

పోరాడారు, మన హైదరాబాద్‌లోనే. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిషం డిపార్ట్‌మెంట్లు పెట్టుకోవచ్చంది, జ్యోతిర్ విజ్ఞాన్ అని. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ దాని మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లారు. కొట్టేశారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు, 2004లో అక్కడా కొట్టేశారు. ఏ కోర్సు పెట్టాలన్నది విద్యారంగ నిపుణులు తేల్చాల్సింది, కోర్టులు వేలు పెట్టవు అన్నది సారాంశం. కహూన్ గెలిచి భార్గవ ఓడారంటే ఈయన తక్కువవారని కాదు, అడిగింది వేరు. జ్యోతిషం సైన్సా కాదా తేల్చమని భార్గవ జడ్జీల్ని అడిగారు, వాళ్లు మా పని కాదన్నారు. కహూన్ హోమియోపతి నిజమా అబద్ధమా అని కమిషనర్‌ని అడగనే లేదు, పాఠాల కాగితాలు చూపించమన్నారు, అది మాత్రం కమిషనర్ పనే. మనకీ 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది, కేంద్ర సంస్థలకైతే ఫీజు 10 రూపాయలు. దరఖాస్తులో "ఎందుకు" అని అడగకండి, జవాబు రాదు. "సిలబస్ కాపీ, లెక్చర్ నోట్సు కాపీ ఇవ్వండి" అని అడగండి. మైకు ఆ చివర బాబుకి ఇవ్వండమ్మా, ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నాడు.